మెకానిక్స్ ఇంటర్‌లోనే అయిపోయిందా?

బెంగళూరులో డిగ్రీ ఫిజిక్స్ చెప్పే నాకు ఏటా కొత్త బ్యాచ్ రాగానే వినబడే మాట ఒకటుంది. "సార్, మెకానిక్స్ మాకు ఇంటర్‌లోనే అయిపోయింది." అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన తెలుగు పిల్లలు ఈ మాట ఎక్కువగా అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. రెండేళ్లపాటు పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా పుల్లీలు, వాలు తలాలు, ప్రొజెక్టైల్స్ లెక్కలు చేసి చేసి వచ్చారు. లెక్క చూడగానే చెయ్యి దానంతటదే కదులుతుంది. బలాల బదులు శక్తులతో లెక్క కట్టే లగ్రాంజియన్ పద్ధతి మొదలైన రెండో వారానికి ఆ పిల్లలే నోరు మెదపరు.

వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఇక్కడ ప్రశ్నే మారిపోయిందని టీచర్లుగా మనమే వాళ్లకు చెప్పడం లేదు.

ఇంటర్‌లో లోలకం లెక్క అంటే దారంలో టెన్షన్ ఎంత, బరువును ఏ దిశల్లోకి విడగొట్టాలి అని మొదలవుతుంది. గణితవేత్త లగ్రాంజ్ పద్ధతిలో మొదట అడిగేది వేరు: ఈ గుండు ఎక్కడుందో చెప్పడానికి ఎన్ని సంఖ్యలు చాలు? ఒక్కటి చాలు, కోణం. గతిశక్తిని, స్థితిశక్తిని ఆ కోణంతో రాసుకుంటే టెన్షన్ లెక్కలోకి రానే రాదు. గతిశక్తిలోంచి స్థితిశక్తి తీసేస్తే వచ్చేదే లగ్రాంజియన్. న్యూటన్ నియమాలు అచ్చయింది 1687లో. లగ్రాంజ్ తన పుస్తకం తెచ్చింది 1788లో, అదీ ఒక్క బొమ్మ లేకుండా. నూటొక్క ఏళ్లు పట్టిన ఆ ప్రయాణాన్ని మనం కొన్ని వారాల్లో ముగించి, "యూనిట్ అయిపోయింది" అంటున్నాం.

నిరుడు ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, రెండు శక్తులనూ కలపాలి కదా, ఒకదాంట్లోంచి ఇంకోటి ఎందుకు తీసేస్తున్నాం?" నాకు ఆ ఏడాది వచ్చిన ప్రశ్నల్లో ఇదే గొప్పది. "అది డెఫినిషన్, రాసుకో" అని దాటేసే క్లాసులు చాలా ఉన్నాయి. జవాబు బోర్డు మీద నాలుగు లైన్లే. లగ్రాంజియన్‌ను వేగంతో అవకలనం చేస్తే ద్రవ్యవేగం వస్తుంది. స్థానంతో చేస్తే, ఆ మైనస్ పుణ్యమా అని, సరిగ్గా బలం వస్తుంది. ద్రవ్యవేగం మారే రేటు బలానికి సమానం, అంటే న్యూటన్ రెండో నియమమే మళ్లీ మన చేతికి వచ్చింది. అక్కడ ప్లస్ పెట్టి చూడమన్నాను. లెక్క ప్రకారం, చేతిలోంచి వదిలిన రాయి ఆకాశం వైపు పోయింది! ఆ పది నిమిషాలు క్లాసంతా ఊపిరి బిగబట్టి చూసింది.

ఇంకో ఉదాహరణ నాకు మరీ ఇష్టం. గాజంత తీగ చుట్టకు ఒక పూస గుచ్చి, చుట్టను నిలబెట్టి, నిలువు వ్యాసం చుట్టూ తిప్పండి. మెల్లగా తిప్పితే పూస అడుగునే ఉంటుంది. చుట్ట వ్యాసార్ధం 3 సెంటీమీటర్లయితే, వేగం సెకనుకు దాదాపు 2.9 చుట్లు దాటగానే అడుగు దానికి నిలకడైన చోటు కాకుండా పోతుంది. చిన్న కదలిక చాలు, పక్కకు పైకెక్కుతుంది. వేగం దానికి రెట్టింపైతే అడుగు నుంచి సుమారు 75 డిగ్రీల దగ్గర నిలబడాలి. రాపిడి వల్ల చేత్తో చేసినప్పుడు కొంత తేడా వస్తుంది, కానీ ఆ ఎక్కడం కంటికి కనిపిస్తుంది. ఇందులో ఇంకో మెలిక ఉంది. చుట్టను ఒకే వేగంతో తిప్పాలంటే మోటారు శక్తిని ఇస్తూ, తీసుకుంటూ ఉండాలి కాబట్టి పూస మొత్తం శక్తి స్థిరంగా ఉండదు. అయినా లగ్రాంజియన్ నుంచే రాబట్టే, చాలా లెక్కల్లో మొత్తం శక్తికి సమానమయ్యే హామిల్టోనియన్ అనే రాశి మాత్రం మారదు. "హామిల్టోనియన్ అంటే మొత్తం శక్తి" అని బట్టీ కొట్టినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ఆగి ఆలోచించాలి కూడా. ఇదే పదం రేపు క్వాంటమ్‌లో ప్రతి పేజీలో ఎదురవుతుంది.

పాత ఫిజిక్స్ కదా, తొందరగా ముగించి కొత్తది చెప్పుకుందాం అనేవాళ్లను మన బెంగళూరులోని పీణ్య వైపు చూడమంటాను. 2024 జనవరి 6న సూర్యుణ్ణి గమనించే నౌక ఆదిత్య-ఎల్1 తన కక్ష్యలోకి చేరింది. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఇస్రో ట్రాకింగ్ కేంద్రం అక్కడే ఉంది. ఆ పేరులోని 'ఎల్' లగ్రాంజ్‌దే. సూర్యుడు, భూమితో పాటే వస్తువు తిరగగలిగే ఐదు బిందువులకు, ఎల్1 నుంచి ఎల్5 దాకా, ఆయన పేరే. భూమి నుంచి సూర్యుడి వైపు సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ బిందువు నిలకడైనది కాదు. అందుకే అప్పుడప్పుడు ఇంజన్లు కాల్చి నౌకను దారిలో పెట్టాలి. ఎల్4, ఎల్5 దగ్గర కథ వేరు. తిరిగే చట్రంలో, అంటే వాటితో పాటు తిరుగుతూ చూస్తే, అవి గుట్ట శిఖరాల్లాంటివి, అయినా ఆ చట్రంలో కదిలే వస్తువును పక్కకు మళ్లించే కొరియాలిస్ ప్రభావం వల్ల అక్కడ వస్తువు నిలుస్తుంది. లోయలోనే నిలకడ అని నేర్చుకున్న పిల్లకు ఇది ఎంత ఆశ్చర్యం! చాలా చోట్ల తిరిగే చట్రాల పాఠాన్నే టైం లేదని కుదించేస్తున్నారు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సిలబస్‌లో రెండు టాపిక్‌లు తగ్గినా ఫర్వాలేదు, లగ్రాంజియన్‌కు సగం సెమిస్టరైనా ఇవ్వాలి. డబుల్ పెండ్యులం (ఒక లోలకం కింద ఇంకో లోలకం) సమీకరణాలను పిల్లలే రాసి, ల్యాప్‌టాప్‌లో నడిపి, మొదటి కోణం కాస్త మార్చితే దారి ఎంత మారిపోతుందో కళ్లారా చూడాలి. పరీక్షలో డెరివేషన్ అప్పజెప్పించుకోవడం తగ్గించాలి. ఈసారి ఇంటర్నల్స్‌కు నేను పెట్టబోయే ప్రశ్న ఇది: తిరుగుతున్న తీగ చుట్ట మీద పూసను తీసేసి, దానికి రెట్టింపు బరువున్న పూసను గుచ్చితే అది నిలబడే కోణం మారుతుందా? లెక్క చేయకుండా, కారణం మాటల్లో రాయండి.