లోక్‌తక్‌లో తప్పంతా జాలర్లదేనా?
మణిపూర్‌లోని లోక్‌తక్ సరస్సు పాడవడానికి నీటిపై తేలే గడ్డి దిబ్బలు, వాటిమీద గుడిసెలేసుకున్న జాలర్లే కారణమన్నట్టు మీ వ్యాసంలో రాశారు. నేనొప్పుకోను. మణిపూర్ లోయలో ఫుమ్‌డీలనే ఈ గడ్డి దిబ్బలు ఎప్పట్నుంచో ఉన్నవే. ఎండాకాలం నీరు తగ్గినప్పుడు అడుగుకు దిగి, వేళ్లు మట్టిని అందుకుని, వానలకు మళ్లీ పైకి లేచేవి. 1983లో ఇథాయ్ బరాజ్ అనే ఆనకట్ట వచ్చాక, కరెంటు కోసం ఏడాది పొడవునా నీళ్లు నిలబెట్టడంతో ఆ దిగడం పోయింది. దాంతో ఈ సరస్సులోని కైబుల్ లమ్‌జావో జాతీయ పార్కులో దిబ్బలు పలచబడ్డాయి, వాటికి అక్కడి సంగాయ్ జింక బరువు మోయడమే కష్టమవుతోంది. మరోపక్క, వానాకాలంలో ఖోర్దాక్ కాలువ గుండా బయటికి కొట్టుకుపోవాల్సిన గడ్డి సరస్సులోనే పేరుకుపోతోంది. ఇంఫాల్ మురుగు మోసుకొచ్చే నంబుల్ నది ఊసైనా ఎత్తలేదేం? 2011లో గుడిసెలు తగలబెట్టారు కదా, గడ్డి పోయిందా మరి?