పౌర్ణమికి భూకంపం వస్తుందా? ఆ మెసేజ్‌లో లెక్క ఎక్కడ తప్పిందంటే

పౌర్ణమో అమావాస్యో దగ్గర పడితే చాలు, మా ఫ్యామిలీ గ్రూపులో ఆ మెసేజ్ మళ్లీ ప్రత్యక్షం. "పెద్ద భూకంపాలన్నీ పౌర్ణమి, అమావాస్యలకే వస్తాయి. సముద్రాన్నే లేపే చంద్రుడు నేలను కదిలించలేడా? ఈసారి జాగ్రత్త." సాక్ష్యంగా నాలుగు పేర్లు: కిల్లారి, భుజ్, సుమత్రా, తుర్కియే.

ముందు ఆ లిస్టు సంగతి. తేదీలు తప్పేం కాదు. సుమత్రా భూకంపం వచ్చిన 2004 డిసెంబర్ 26 పౌర్ణమే. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారి కూలిందీ పౌర్ణమికే, పాపం వినాయక నిమజ్జనం ముగించుకుని పడుకున్న జనం. తుర్కియేలో పౌర్ణమి మర్నాడు. భుజ్‌కి వచ్చేసరికి అమావాస్య దాటి రెండు రోజులైంది, అయినా లెక్కలో వేసేశారు. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో కంపిస్తే మూడు రోజుల కిందటి అమావాస్యను పట్టుకొచ్చారు. సరే, అటు మూడు రోజులు ఇటు మూడు రోజులు ఇచ్చేద్దాం: పౌర్ణమి చుట్టూ ఏడు, అమావాస్య చుట్టూ ఏడు, మొత్తం పద్నాలుగు. చాంద్రమాసం ఉన్నదే ఇరవై తొమ్మిదిన్నర రోజులు! చంద్రుడికి ఏ పాత్రా లేకపోయినా దాదాపు సగం భూకంపాలు ఆ రోజుల్లోనే పడతాయి కదా. మిగతా సగం మెసేజ్‌లో కనపడవు. 2015 నేపాల్ భూకంపం సప్తమి నాడు. 2011 జపాన్‌ది, 9 తీవ్రత, షష్ఠి నాడు. అప్పుడు అందరూ తిట్టిపోసిన సూపర్‌మూన్, అంటే చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్నప్పటి పౌర్ణమి, ఆ తర్వాత ఎనిమిది రోజులకు వచ్చింది.

ఇక "నేలను కదిలించలేడా" అంటే, కదిలిస్తాడు. నేల కూడా ఆటుపోట్లలాగే రోజుకు రెండుసార్లు పొంగుతుంది, భూమధ్యరేఖ దగ్గర ముప్పై సెంటీమీటర్ల దాకా, కాకపోతే ఇల్లూ మనమూ కలిసే లేస్తాం కాబట్టి తెలియదు. కానీ దానివల్ల ఫాల్ట్ లైన్ (భూమి లోపలి రాతిపొరల్లోని పగులు) మీద పడే ఒత్తిడి కొన్ని కిలోపాస్కల్స్. భూకంపంలో సడలేది మెగాపాస్కల్స్, అంటే సుమారు వెయ్యి రెట్లు, అదంతా భూఫలకాలు ఏళ్ల తరబడి నెట్టుకుంటూ పోగుచేసింది.

అలాగని అసలు సంబంధమే లేదనేవాళ్లతోనూ నాకు పేచీయే. ఎప్పుడో తెగడానికి సిద్ధంగా ఉన్నదాన్ని చంద్రుడు కాస్త ముందుకు జరపొచ్చు. ఆటుపోట్ల ఒత్తిడి బాగా ఎక్కువున్నప్పుడు చిన్న కంపనం పెద్దదిగా మారే అవకాశం కొద్దిగా పెరుగుతుందని 2016లో జపాన్ పరిశోధకులు చూపించారు. కొద్దిగా, అంతే.

మరి "ఈసారి జాగ్రత్త" అని తేదీ చెప్పొచ్చా? 8 తీవ్రత దాటిన భూకంపాలు చాంద్రమాసంలో ఫలానా రోజుల్లోనే వస్తాయా అని నాలుగు శతాబ్దాల రికార్డులు తిరగేసి, అమెరికా భూకంప శాస్త్రవేత్త సూసన్ హఫ్ 2018లో ఒక పేపర్ రాశారు. దాని సారాంశం మొత్తం ఒక్క మాట: "లేదు."