వంట రాని పిల్లలకు పనీర్ బటర్ మసాలా ఎందుకు చెప్తారు?

ఏటా జూన్, జులై నెలల్లో ఇదే ప్రశ్న. కొత్తగా ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రూమ్ తీసుకున్న పిల్లలు అడుగుతారు. "నాకు వంట అస్సలు రాదు, వెజ్ మాత్రమే తింటాను, తక్కువ ఖర్చుతో తొందరగా అయిపోయేవి ఏమన్నా చెప్పండి" అని. దానికి వచ్చే జవాబులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పనీర్ బుర్జీ చేసుకో అంటాడొకడు. మష్రూమ్ పులావ్ అంటుంది ఇంకొకావిడ. ఓట్స్ రాత్రంతా పాలలో నానబెట్టి పైన చియా గింజలు చల్లుకోమంటారు మరొకరు. అవకాడో టోస్ట్ చెప్పిన మహానుభావుల్ని కూడా చూశాను. అడిగినవాడి జీతమెంత, అద్దె పోగా మిగిలేదెంత, ఆ రూమ్‌లో ఒక ఇండక్షన్ స్టవ్వూ ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు గిన్నెలూ తప్ప ఇంకేమన్నా ఉన్నాయా అనే ధ్యాస ఒక్కరికీ ఉండదు.

200 గ్రాముల పనీర్ ప్యాకెట్‌కి పెట్టే డబ్బుతో కిరాణా కొట్లో దాదాపు అరకిలో కందిపప్పు వస్తుంది. ఆ పనీర్ ఒక పూటకే సరి, పక్కన రూమ్మేట్ ఉంటే అదీ చాలదు. అరకిలో కందిపప్పు ఒక మనిషికి వారం పైనే వస్తుంది. ఇంత చిన్న లెక్క చెప్పకుండా క్రీము, జీడిపప్పు పేస్టు, కసూరీ మేతీ అంటూ మొదలుపెడితే వాడు ఒకసారి చేసి, గిన్నెలు కడగలేక, మళ్లీ ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ పెడతాడు. వాడిది తప్పంటారా?

వీడియోల సంగతి సరేసరి. "బ్యాచిలర్స్ స్పెషల్, పది నిమిషాల్లో" అని పేరు. తీరా చూస్తే ఉల్లిపాయలు తరిగి, టమాటాలు కోసి, అల్లం వెల్లుల్లి నూరి, అన్నీ చిన్న చిన్న గాజు గిన్నెల్లో సర్ది ఉంటాయి. కొత్తవాడికి అసలు టైమ్ పట్టేది ఆ తరగడానికే కదా! రెండు ఉల్లిపాయలు సన్నగా తరగడానికే వాడికి పావుగంట, ఏడుపు అదనం. మన ఇళ్లల్లో రోజూ చేసుకునే వంటకి ఇంత తతంగం లేదు. కానీ ఆ వంట ఎవరూ వీడియో తీయరు, తీసినా చూడరు. ముద్దపప్పుకి వ్యూస్ ఏం వస్తాయి?

నా అభిప్రాయం ఒక్కటే. కొత్తగా నేర్చుకునేవాళ్లకి వంటకాల లిస్టు ఇవ్వకండి. అన్నం, పప్పు, తాలింపు, ఈ మూడూ చేయి తిరిగితే చాలు. ఆ తర్వాత ఏడాదంతా కూరగాయ మార్చుకోవడమే పని.

అన్నం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సోనా మసూరి అయితే గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, బాగా పాత బియ్యమైతే రెండున్నర. కరెంటు రైస్ కుక్కర్ కొనుక్కోగలిగితే కళ్లు మూసుకుని కొనండి. గిన్నెలో నీళ్లున్నంతసేపూ వేడి వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది, నీళ్లన్నీ ఇంకిపోగానే అది దాటుతుంది, స్విచ్ టక్కుమని పడిపోతుంది. మీరు స్నానానికి వెళ్లినా, ఆఫీస్ కాల్‌లో ఇరుక్కున్నా అన్నం మాడదు.

పప్పు దగ్గర మాత్రం కాసేపు ఆగుదాం. ప్రెషర్ కుక్కర్ లేనివాళ్లు కందిపప్పుతో మొదలుపెట్టొద్దు, పెసరపప్పుతో మొదలుపెట్టండి. మామూలు గిన్నెలో మూత ఓరగా పెడితే ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో మెత్తగా ఉడికిపోతుంది. ముందు ఒట్టి మూకుడులో కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తే రుచి ఇంకా బాగుంటుంది. కందిపప్పు అలా లొంగదు, దానికి కుక్కర్ కావాలి. టీ గ్లాసు పప్పు కడిగి, వీలుంటే అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు వేసి నాలుగు విజిల్స్ రానివ్వండి. ఆవిరి దానంతటదే పోయాకే మూత తీయాలి. ఆకలేస్తోందని విజిల్ పైకెత్తితే పప్పు స్టవ్ మీదా గోడ మీదా ఉంటుంది. తెలంగాణలోని తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి ప్రత్యేకతే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. దొరికితే ఒకసారి వండి చూడండి, ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. దొరక్కపోతే మీ వీధి చివర కొట్లో ఉన్నదే చాలు.

ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. పులుపు ముందే వేస్తే పప్పు ఉడకదు. కుక్కర్‌లో రెండు టమాటాలు పడితే ఫరవాలేదు గానీ చింతపండు మాత్రం పప్పు మెత్తబడ్డాకే వేయాలి. లేకపోతే ఎన్ని విజిల్స్ వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. మీరేమో పప్పు మంచిది కాదని కొట్టువాణ్ణి తిట్టుకుంటారు.

ఇలా ఉడికించి మెదిపి, ఉప్పు వేసి, నెయ్యి వేసుకుంటే ముద్దపప్పు. ఇంటి నుంచి ఆవకాయ సీసా వచ్చి ఉంటే ఆ పూటకి ఇంకేం అక్కర్లేదు. అందులోనే పాలకూర వేసి ఉడికిస్తే పాలకూర పప్పు. తోటకూర, గోంగూర, బీరకాయ, సొరకాయ, దోసకాయ, ఎండాకాలంలో మామిడికాయ, ఏది వేసినా పద్ధతి అదే. గోంగూర, మామిడికాయ పుల్లనివి కాబట్టి వాటిని విడిగా ఉడికించి తర్వాత కలపండి. దోసకాయ, బీరకాయ కోసేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. చేదుంటే కాయ పారేయండి, గిన్నెడు పప్పు పారేసేకంటే అది నయం. రాత్రి మిగిలిన పప్పు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు అందులో చింతపండు పులుసు, సాంబారు పొడి, నీళ్లు పోసి మరిగిస్తే పప్పుచారు. ఒకసారి కుక్కర్ పెడితే రెండు పూటలు గడిచిపోయాయి. దీన్ని మించిన మీల్ ప్రెప్ ఎవరు కనిపెట్టారో నాకు చెప్పండి.

ఇక తాలింపు. పోపు అనండి, తిరగమోత అనండి, ఇది తెలిస్తే సగం వంట వచ్చినట్టే. కొత్తవాళ్లు పోపుల డబ్బాలో ఉన్నవన్నీ గుప్పెట్లో తీసి ఒకేసారి నూనెలో వేస్తారు. ఆవాలు చిటపటలాడేలోపు జీలకర్ర నల్లబడిపోతుంది, ఎండుమిర్చి మాడి రూమంతా దగ్గు. వరస ఉంది దానికి. రెండు చెంచాల నూనె కాగనివ్వండి. ఒక్క ఆవగింజ వేసి చూడండి, చిటపటమంటేనే మిగతా ఆవాలు వేయాలి. ఆవాలు చిట్లడం మొదలయ్యాక శనగపప్పు, మినప్పప్పు. అవి ఎర్రబడుతుండగా జీలకర్ర, తుంచిన ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి. స్టవ్ ఆపేసి ఇంగువ, చివర్లో కరివేపాకు. కరివేపాకు తడిగా ఉంటే నూనె మొహం మీదకి ఎగురుతుంది, తుడిచి వేయండి. అంతా కలిపి రెండు నిమిషాల పని. ఈ తాలింపే పప్పులో పడుతుంది, చారులో పడుతుంది, పెరుగులో పడితే పెరుగు పచ్చడి, నిమ్మరసం, పసుపు కలిసి అన్నంలో పడితే నిమ్మకాయ పులిహోర. నిన్నటి అన్నం పులిహోరకే బాగుంటుంది, పొడిపొడిగా ఉంటుంది. కాకపోతే ఆ అన్నం రాత్రి ఫ్రిజ్‌లో ఉండాలి. ఎండాకాలంలో బయట వదిలేసి పొద్దున్నే పులిహోర చేసుకుంటే మధ్యాహ్నానికి కడుపు లెక్క తేలుస్తుంది.

నేను అనంతపురం వైపు మనిషిని కాబట్టి ఉగ్గాని గురించి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. బొరుగులు, అదే మరమరాలు, నీళ్లలో వేసి ఒక్క నిమిషం ఉంచి గట్టిగా పిండేయండి. తాలింపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి మగ్గాక బొరుగులు, ఉప్పు కలిపి, పైన పుట్నాల పొడి చల్లి నిమ్మకాయ పిండండి. పది నిమిషాలు కూడా పట్టదు, ఖర్చు టీ, సమోసా అంత. కర్నూలు నుంచి బళ్లారి దాకా పొద్దున్నే హోటళ్లలో దీంతో పాటు మిరపకాయ బజ్జీ పెడతారు. మీరు బజ్జీ చేయొద్దు, కొత్తవాళ్లకి కాగిన నూనెతో సరసాలొద్దు, వీధి బండి దగ్గర రెండు కొనుక్కోండి. పుట్నాలు ముందే వేగి ఉంటాయి కాబట్టి ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పుతో మిక్సీలో తిప్పితే పొడి తయారు. అన్నంలోకీ అదే, ఇడ్లీలోకీ అదే.

మాకు ఇంకోటి పులగం. గ్లాసు బియ్యం, అరగ్లాసు పొట్టు పెసరపప్పు, కాసిన్ని మిరియాలు, జీలకర్ర, ఉప్పు, నాలుగు గ్లాసుల నీళ్లు. అంతా ఒకే గిన్నె. పక్కన శనక్కాయల పచ్చడి ఉంటే రాజభోగమే, లేకపోతే పెరుగు. తెలంగాణ స్నేహితుల రూమ్‌లో తిన్న పచ్చి పులుసు కూడా ఈ లిస్టులో చేరాల్సిందే. చింతపండు పిసికిన నీళ్లలో ఉల్లిపాయ ముక్కలు, కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, కొంచెం బెల్లం, నువ్వుల పొడి, కొత్తిమీర, పైన తాలింపు. స్టవ్ వెలిగించేది తాలింపుకీ మిర్చి కాల్చడానికే. ఇండక్షన్ మీద మిర్చి కాల్చలేం, మూకుడులో వేయించుకోండి. దీనికి ముద్దపప్పు తోడుంటే మే నెలలో కూడా అన్నం దిగుతుంది.

వేపుళ్లలో ఆలూతో మొదలుపెట్టండి. బెండకాయ అయితే కడిగి, తడి లేకుండా తుడిచాకే కోయాలి. మూత పెట్టకూడదు, ఉప్పు చివర్లో వేయాలి, అంతే, జిగురు రాదు. దొండకాయ జోలికి ఇప్పుడే పోవద్దు, దానికి ఓపిక కావాలి.

"అదంతా సరే, వెజ్‌లో ప్రోటీన్ ఎక్కడ?" అని జిమ్ తమ్ముళ్లు తయారుగా ఉంటారు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో తృణధాన్యాలు మూడు వంతులు, పప్పులు ఒక వంతు కలిపి తింటే ప్రోటీన్ నాణ్యత పెరుగుతుందని ఉంది. లైసిన్, మెథియోనిన్ అని ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలు రెండున్నాయి. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో మెథియోనిన్ తక్కువ, ఆ లోటు బియ్యం పూరిస్తుంది. అసలు గొడవ మన కంచాల్లో ఉంది. పళ్లెం నిండా అన్నం పెట్టుకుని పైన పల్చటి సాంబారు నీళ్లు పోసుకుంటాం. పప్పు గట్టిగా వండుకుని ఇంకో గరిటె వేసుకోండి. ఇంకా కావాలంటే నానబెట్టిన శనగలు, పల్లీలు ఉన్నాయి, మీల్ మేకర్ ఉంది. ఎండు మీల్ మేకర్ 100 గ్రాముల్లో దాదాపు 50 గ్రాముల ప్రోటీన్. వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి ఆలూ కూరలో వేసుకోవచ్చు. ప్రోటీన్ పౌడర్ డబ్బా ధరతో పోల్చి చూసుకోండి.

కర్రీ పాయింట్ల మీద నాకు కోపం లేదు. ఒంట్లో బాగాలేని రోజు, ఆఫీసులో ఆలస్యమైన రోజు అవే దిక్కు. కానీ రోజూ అన్నం వండుకుని పప్పు ప్యాకెట్ కట్టించుకోవడం మాత్రం నాకు అర్థం కాదు. కుక్కర్ ఎలాగూ కడుగుతున్నారు, అందులో రెండో గిన్నె పెడితే పప్పు కూడా అయిపోతుంది కదా. ఆ ప్యాకెట్ డబ్బుతో పావుకిలో కందిపప్పు అటూ ఇటూగా వచ్చేస్తుంది.

అమ్మానాన్నలకి కూడా ఒక మాట. పిల్లాడు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి పప్పు ఎలా చేయాలంటే "కాస్త నీళ్లు, తగినంత ఉప్పు, అదే తెలుస్తుందిలే" అంటారు. వాడికి తెలియకే కదా ఫోన్ చేసింది! టీ గ్లాసు పప్పుకి ఒక చెంచా ఉప్పు, గోపురంగా కాకుండా సమంగా అని చెప్పండి. ఇంకా ఘోరం ఏమిటంటే కొడుకు ఫోన్ చేస్తే "నీకెందుకురా కష్టం, బయట తినేయ్" అంటారు. కూతురు చేస్తే "ఇంత వయసొచ్చి పప్పు కూడా రాదా" అంటారు. ఇద్దరికీ ఎవరూ నేర్పలేదు, ఇద్దరికీ ఆకలి ఒకటే.

ఇప్పుడు మొదటి ఆదివారం కొనాల్సినవి. అయిదు కిలోల బియ్యం, అరకిలో కందిపప్పు, అరకిలో పెసరపప్పు, పావుకిలో చింతపండు. పోపు సామాను వంద గ్రాముల చొప్పున చాలు, కిలోలు కొంటే పురుగు పడుతుంది. ఉప్పు, కారం, పసుపు, లీటరు నూనె. రైతుబజార్ దగ్గరుంటే కూరగాయలు అక్కడే తీసుకోండి, 1999లో పెట్టినవి అందుకే, రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరమాడటం రాకపోయినా మోసపోరు. టమాటా, ఉల్లి, పచ్చిమిర్చి, ఒక ఆకుకూర, నాలుగు నిమ్మకాయలు. సామాన్లలో మూడు లీటర్ల కుక్కర్, మందపాటి మూకుడు, ఒక మంచి కత్తి. మిక్సీ రెండో నెల జీతంతో కొనుక్కోండి. ఎయిర్ ఫ్రయర్ మాత్రం ఎవడు చెప్పినా వద్దు.