బిల్లు మర్చిపోయారనుకునే సాఫ్ట్‌వేర్ గారికి

మహారాజశ్రీ ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్ గారికి,

విజయవాడ నుంచి ఒక ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. చీరల షాపుకి వెబ్‌సైట్ చేసినందుకు నేను పంపిన బిల్లు, మీరు ఎర్ర అక్షరాల్లో ‘ఓవర్‌డ్యూ’ (గడువు దాటింది) అని చూపించినది, అది కూడా చాలాకాలం క్షేమంగానే ఉంది. ఉన్నచోటి నుంచి కదల్లేదు.

మీ వంశ చరిత్ర నాకు కొంత తెలుసు. టొరంటోలో చిన్న డిజైన్ కంపెనీ నడుపుకునే మైక్ మెక్‌డెర్మెంట్, వర్డ్‌లో కొత్త ఇన్వాయిస్ తయారుచేస్తూ పాతదాని మీదే సేవ్ కొట్టేశారు. ఆ విసుగులోంచి 2003లో మీ పెద్దన్నగారు ఫ్రెష్‌బుక్స్ పుట్టారు. అంటే మీ ఇంట్లో పుట్టుకతోనే ఉన్న భయం, బిల్లు పోతుందేమోనని. నా బిల్లులు పోవండీ. క్లయింటు మెయిల్లో ఉంటాయి, వాట్సాప్‌లో ఉంటాయి, అకౌంటెంట్ టేబుల్ మీద ప్రింటు కూడా ఉంటుంది. రెండు బ్లూ టిక్కులు పడి ఉంటాయి. అందరూ చూశారు. ఎవరూ మర్చిపోలేదు.

మీరు మాత్రం ‘ఇది మీ దృష్టికి రాలేదేమో’ అని మర్యాదగా రిమైండర్ పంపుతారు. అదీ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి! బెజవాడలో శుక్రవారం పూట లక్ష్మిని గడప దాటి రమ్మంటారా? షాపు ఓనరు గారు వెంటనే ఫోన్ చేసి, “ఏం బాబూ, శుక్రవారం డబ్బులడక్కూడదని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పలేదా?” అన్నారు. రెండో రిమైండర్ మంగళవారం వెళ్ళింది. దాని సంగతి రాయను. తర్వాత ఆషాఢం, డిస్కౌంట్ల హడావుడి. శ్రావణంలో పెళ్ళిళ్ళ హడావుడి. ఆపైన మూఢం వచ్చి బేరాల్లేవు. మీ సెట్టింగుల్లో దేశదేశాల కరెన్సీలు, టైమ్‌జోన్లు ఉన్నాయి గానీ పంచాంగం లేదు. ఒక్క గడి పెట్టించండి, పుణ్యముంటుంది.

నా తరహా సేవకి జీఎస్టీలో ఇచ్చిన 998314 అనే శాక్ కోడ్, 18 శాతం జీఎస్టీ, ఇవన్నీ పొల్లుపోకుండా వేస్తారు, కాదనను. కానీ మీరు తేదీ వేసి బిల్లు పంపిన మరుక్షణం నుంచి ఆ పన్ను నా మెడకు చుట్టుకుంటుంది. క్లయింటు ఇచ్చినా ఇవ్వకపోయినా, మర్నెల 20 కల్లా ప్రభుత్వానికి కట్టాలి. అంటే రాని డబ్బుకు నేను పన్ను కడుతున్నాను, అదీ మీరు ఇచ్చిన చక్కటి రిపోర్టు చూసుకుంటూ.

మీతోపాటు వచ్చిన, పని గంటలు లెక్కపెట్టే టైమర్ గారి గురించి రెండు ముక్కలు. “చిన్న మార్పే, లోగో కాస్త పెద్దది చెయ్” అని రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చినప్పుడు స్టార్ట్ బటన్ ఎవరికి గుర్తుంటుంది? గుర్తుండి లెక్క చూపిస్తే, “మాట్లాడినందుకు కూడా డబ్బులా?” అంటారు. పనులు ఎంతవరకు వచ్చాయో చూపించే ట్రెల్లో బోర్డులోకి రమ్మని లింకు పంపితే, ఓటీపీ మోసమేమోనని డిలీట్ చేశారు.

ఇక మీ లేట్ ఫీ గడి. చట్టం మీకంటే ఘాటు. చిన్న వ్యాపారాల కోసం 2006లో తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, ‘ఉద్యం’ అనే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్ ఉన్న నాలాంటివాడి బిల్లు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదూ చేయొచ్చు. చేశాననుకోండి. చీరల షాపాయన, డెంటల్ క్లినిక్ డాక్టరుగారు, ఫంక్షన్ హాల్ ఓనరు, ముగ్గురిదీ ఒకే వాకింగ్ గ్రూపు. నా తర్వాతి మూడు వెబ్‌సైట్లు ఆ గ్రూపులోనే ఉన్నాయి.

చివరికి పని చేసింది మా నాన్నగారు. రిటైర్డ్ టీచరు. షాపుకెళ్ళి కౌంటర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వచ్చిన ప్రతి కస్టమరుకీ, “ఈ షాపు వెబ్‌సైట్ చేసింది మా వాడేనండి. డబ్బులు ఇంకా రాలేదనుకోండి, ఇస్తారులెండి, పెద్ద షాపు” అని చెప్పారు. భోజనాల వేళకి చెక్కు చేతికొచ్చింది. ఆ రోజు మంగళవారం. నేను ‘పెయిడ్’ అని నొక్కగానే, మీ రిమైండర్ల వల్లే వసూలైందని నన్ను అభినందిస్తూ మెయిలు పంపారు మీరు.

ఒక్క అనుమానం. మీ చందా గురించి నాకెప్పుడూ ‘మీ దృష్టికి రాలేదేమో’ అని రాయలేదేం? కార్డు వివరాలు ముందే తీసుకున్నారు. 24 గంటల ముందు ఒక మెసేజ్, ఆ తర్వాత కోత. ఒకసారి ఆ కోత ఫెయిలైతే, నా బిల్లులు నాకే కనపడకుండా తాళం వేశారు. రిమైండర్ల మీద మీకంత నమ్మకముంటే నా కార్డు తీసేసి, బిల్లు మెయిల్లో పంపి, నెల రోజులు ఆగి చూడండి.

ఇట్లు,
మీ చందాదారుడు