లైసెన్సు గారూ, ఈశాన్యం పాఠం ఎక్కడండీ?

మహారాజశ్రీ టెక్సస్ రియల్ ఎస్టేట్ సేల్స్ ఏజెంట్ లైసెన్సు గారి దివ్యసముఖమునకు,

ఫ్రిస్కో నుంచి మీ విధేయురాలు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. మీరు కూడా టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వారి రికార్డుల్లో నా పేరు పక్కన "యాక్టివ్" అనే హోదాతో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. రెండేళ్లకోసారి రెన్యూవల్ అడగడానికి తప్ప మీరు ఉత్తరం ముక్క రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను.

డాలస్ చుట్టుపక్కల తెలుగింట్లోకి కొత్తగా ఒక హెచ్-4 ఈఏడీ కార్డు, అంటే హెచ్-1బీ వాళ్ల భార్యకో భర్తకో పని చేసుకునే అనుమతి, వచ్చిందంటే దాని ముందు మూడు దారులుంటాయి. ఒకటి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ట్రైనింగు. రెండోది ఫేస్‌బుక్‌లో చీరల లైవ్. మూడోది తమరు. 2015 మే 26న అమల్లోకి వచ్చిన రూలు పుణ్యమా అని, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న హెచ్-1బీ వాళ్ల భార్యలో భర్తలో పని చేసుకోవచ్చు. మా ఆయనకు ఇళ్లంటే నాకంటే పిచ్చి. కానీ ఆయన వీసా ఆయన్ని కంపెనీ ఉద్యోగం దాటి కదలనివ్వదు, పక్కన కమిషన్లు సంపాదించడం కుదరదు. అందుకని నేను లైసెన్సు తీసుకున్నాను, ఆయన సలహాలు ఇస్తారు. ఈ వ్యాపారంలో కష్టమంతా తనదేనని ఆయన గట్టి నమ్మకం.

మీ సన్నిధికి చేరే లెక్క రాష్ట్రానికో రకం. మిషిగన్‌లో 40 గంటల చదువు, ఫ్లోరిడాలో 63, న్యూజెర్సీలో 75, కాలిఫోర్నియాలో 135. తమరు మాత్రం 180కి తగ్గరు. ఎడిసన్‌లో ఉన్న మా ఆడపడుచు 75 గంటల్లో చదువు ముగించి బోర్డు పెట్టేసింది. నేను ఇంకా క్లాసులోనే ఉన్నానని తెలిసి, "ఏం వదినా, అర్థం కావట్లేదా?" అని జాలిపడింది. పోనీ అక్కడ లైసెన్సు తీసుకుని ఇక్కడికి పట్టుకొద్దామంటే, తమరికి ఏ రాష్ట్రంతోనూ అలాంటి ఒప్పందం లేదాయె.

ఆ 180 గంటలు ఎలా గడపాలన్నది మళ్లీ ఇంకో తలనొప్పి. క్లాసుకు వెళ్లవచ్చు, లైవ్‌స్ట్రీమ్‌లో కూర్చోవచ్చు, కమ్యూనిటీ కాలేజీలో చదవవచ్చు, లేదంటే ఆన్‌లైన్‌లో సొంత వేగంతో చేసుకోవచ్చు. పిల్లలున్న ఇల్లు కదా అని చాలామంది ఆ చివరిదే పడతారు. సొంత వేగం అన్నది ప్రకటన వరకే. పేజీ చదివేసినా మూలనున్న గడియారం ముందుకు పోనివ్వదు. ఒక్క పేజీ దాటేలోపు పప్పుకు తాలింపు వేసి, కంచాలు పెట్టి రావచ్చు. నన్నడిగితే ప్రిన్సిపుల్స్ అనే మూలసూత్రాల రెండు కోర్సులకూ ఈ గడియారం చాలు. కాంట్రాక్టులు, ఫారాలు మాత్రం ఎదురుగా మనిషి ఉండి చెప్పే చోట నేర్చుకోవాలి. "పాస్ కాకపోతే డబ్బు వాపసు" అనే కోర్సులకు చివరి షరతులు చదివాకే డబ్బు కట్టాలి. ఈ మాట ఎవరూ చెప్పరు. చెప్పేవాళ్లందరికీ ఏదో ఒక స్కూలు డిస్కౌంటు కోడ్ ఉంటుంది మరి.

ఆ తర్వాత వేలిముద్రలు, నేర చరిత్ర తనిఖీ, పరీక్ష. పరీక్షలో నేషనల్ ఒక భాగం, స్టేట్ ఒక భాగం. మూడుసార్లు తప్పితే తమరు జరిమానా వేయరు, మళ్లీ గంటలే వేస్తారు. ఒక భాగం తప్పితే 30, రెండూ తప్పితే 60. ప్రపంచంలో ఏ రోగానికైనా తమరి దగ్గర ఉన్న మందు ఒక్కటే!

ఇక అసలు సంగతికి వస్తాను. లా ఆఫ్ ఏజెన్సీ అని 30 గంటలు చెప్పించారు. ఎవరి తరఫున ఉన్నావో ముందు చెప్పు, క్లయింటు మేలు నీ మేలుకంటే ముందు పెట్టు, రెండు వైపులా ఒకే బ్రోకరు ఉంటే ఇంటర్మీడియరీ నియమాలు ఇవీ, మొదటి పలకరింపులోనే ఐఏబీఎస్ అనే బ్రోకరేజీ సేవల సమాచార కాగితం చేతిలో పెట్టు అని నూరిపోశారు. నిజంగా మంచి పాఠం. కన్నీళ్లు పెట్టుకున్నంత పనైంది. ఆ పాఠం గుండెల నిండా నింపుకుని ప్రాస్పర్ అనే ఊళ్లో బిల్డరు నమూనాగా చూపించే ఒక మోడల్ హోమ్‌కు వెళ్తే, కౌంటర్‌లో చల్లటి నీళ్ల సీసా అందిస్తూ నవ్వే మనిషికి అసలు తమరే అక్కర్లేదు. బిల్డరు తాను కట్టిన ఇళ్లు అమ్మడానికి ఉద్యోగంలో పెట్టుకున్నవాళ్లకు లైసెన్సు వద్దని ఆక్యుపేషన్స్ కోడ్ 1101వ చాప్టరులోనే మినహాయింపు ఉంది. అమ్మే మనిషికి లైసెన్సు అక్కర్లేదు, కొనేవాళ్ల పక్కన నిలబడే నాకు 180 గంటలు! ఎవరు ఎవరి తరఫునో తమరికి అప్పటికే తెలుసన్నమాట.

ఫారాల కోర్సు సంగతి ఇంకా చోద్యం. కమిషన్ వారు ఆమోదించిన కాంట్రాక్టు ఫారాల్లో ఖాళీలు నింపడం ఎలాగో 30 గంటలు నేర్పారు. ఖాళీలు మాత్రమే నింపాలి, సొంతంగా ఒక షరతు రాశామా అది వకీలు పని అయిపోతుంది అని హెచ్చరించారు. సరే అని వినయంగా ఖాళీలు నింపడం నేర్చుకుని వచ్చాను. మన తెలుగువాళ్లు కొనేది ఎక్కువగా కొత్త ఇళ్లు. పెద్ద బిల్డర్లు వాడేది సొంత వకీళ్లు రాసిన సొంత కాంట్రాక్టు. అందులో ఖాళీలు కూడా వాళ్లే నింపి పంపిస్తారు. నా పని, "ఇక్కడ సంతకం పెట్టండన్నా" అని వేలు చూపించడం.

ఆ వేలు చూపించే భాగ్యమైనా అందరికీ దక్కదు. కొనేవాళ్లు మొదటిసారి వచ్చినప్పుడు ఏజెంటు పక్కన లేకపోయినా, ముందే పేరు రిజిస్టర్ చేయకపోయినా చాలామంది బిల్డర్లు కమిషన్ ఇవ్వరు. మనవాళ్లేమో ఆదివారం గుడికెళ్లి, పులిహోర తిని, దారిలో జెండాలు కనిపిస్తే షికారుగా మోడల్ హోమ్‌లోకి దూరతారు. అక్కడి ఐప్యాడ్‌లో పేరూ నంబరూ కొట్టి, "మీకు ఏజెంటు ఉన్నారా?" అన్నచోట "లేరు" అని నొక్కి వస్తారు. సోమవారం నాకు ఫోన్ చేసి, "ఒక ఇల్లు చూశాం, నచ్చింది, నీకెంత వస్తుంది, మాకెంత ఇస్తావు?" అంటారు. నాకు వచ్చేది అప్పటికే గంగలో కలిసిపోయి ఉంటుంది.

క్యాష్‌బ్యాక్ ప్రస్తావన వచ్చింది కనుక మనవి చేసుకుంటాను. రియల్ ఎస్టేట్ ఫైనాన్స్ 30 గంటల్లో తమరు నేర్పని లెక్క ఇది. ఆరు లక్షల డాలర్ల ఇల్లు. బిల్డరు 3 శాతం ఇచ్చాడనుకుందాం, 18,000. వాట్సాప్ గ్రూపులో రేటు 2 శాతం వాపసు, అంటే 12,000 కొనేవాళ్లకు. కొనుగోలుదారుకు ఇలా తిరిగివ్వడం టెక్సస్‌లో తప్పు కాదు, లెండరుకు చెప్పి క్లోజింగ్ కాగితాల్లో చూపిస్తే చాలు. మిగిలిన 6,000లో బ్రోకరు ఫీజు, స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం, అమ్మకానికున్న ఇళ్ల జాబితా ఎంఎల్ఎస్ ఫీజు, సంఘాల చందాలు, కారు గ్యాస్. ఇవన్నీ పోయాక మిగిలేదాన్ని చూసి మా దూరపు బంధువు ఒకాయన, "ఆ ఒక్క శాతం మాత్రం నీకెందుకమ్మా, మనం మనం ఒకటే కదా" అన్నారు. క్లయింటు మేలు నా మేలుకంటే ముందు పెట్టాలన్న పాఠం తమరికంటే ఆయనకే బాగా వచ్చు.

ఇద్దరు ముగ్గురిని పంపించి "మరి నాకేంటి?" అనేవాళ్లు వేరే. లైసెన్సు లేనివాళ్లకు కమిషన్‌లో వాటా ఇవ్వకూడదు, నగదు అసలు కుదరదు, 50 డాలర్లు దాటని వస్తువు ఏదైనా బహుమతిగా ఇవ్వవచ్చు అన్నది మీ రూలు. మా పేటలో రిఫరల్ ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ ఒకే సైజు స్వీటు డబ్బా ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమైందా అండీ?

సంతకాల బాధ ఇంకొకటి. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ వారు 2024లో కమిషన్ల మీద నడిచిన కోర్టు కేసులో 41.8 కోట్ల డాలర్లకు రాజీ పడ్డారు. ఆ రాజీ ప్రకారం 2024 ఆగస్టు 17 నుంచి ఇల్లు చూపించే ముందే కొనేవాళ్లతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి, నా ఫీజు ఎంతో అందులో ఉండాలి. 2026 జనవరి 1 నుంచి టెక్సస్ చట్టం కూడా ఒప్పందం లేనిదే కుదరదంటోంది. పద్ధతి మంచిదే, ఇన్నాళ్లూ ఎవరికెంత పోతోందో కొనేవాళ్లకు తెలిసేది కాదు. కానీ బతుకమ్మకు పక్కన నిలబడి ఆడిన అక్కకు ఫారం చూపించి చూడండి. "మన మధ్య సంతకాలేంటే?" అని ముఖం ముడుచుకుంటుంది. అలిగి ఇంకో ఏజెంటును కనుక్కుని, అక్కడ కూడా ఇదే ఫారం చూసి, మళ్లీ నాకే ఫోన్ చేస్తుంది.

ఫెయిర్ హౌసింగ్ గురించి బాగా చెప్పారు. 1968 చట్టం, జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఎవరినీ ఒక వీధి వైపుకో, ఇంకో వీధికి దూరంగానో నడిపించకూడదని. క్లాసులో తల ఊపాను. బయట నాకు పడే మొదటి ప్రశ్న: "మనవాళ్లు ఎక్కువ ఉండే కమ్యూనిటీ చూపించు." మనవాళ్లంటే ఇండియన్లా, తెలుగువాళ్లా, ఇంకా లోపలికి వెళ్లాలా అని నేను అడగకూడదు, వాళ్లు ఆగరు. "నేను చెప్పకూడదండీ, మీరే చూసుకోండి" అంటే, "ఈమెకేం తెలియదు" అని ప్రచారం. నాకు ఈ చట్టం మీద గౌరవం ఉంది. ఊళ్లో ఏ వీధిలో ఎవరికి ఇల్లు ఇస్తారో, ఎవరికి ఇవ్వరో చూసి పెరిగినవాళ్లం. అదే అలవాటును సూట్‌కేసులో సర్దుకొచ్చి, ఇక్కడ మన పిల్లలకు మాత్రం ఎవరూ ఇల్లు కాదనకూడదనుకోవడం బాగానే ఉంది.

180 గంటల్లో ఈశాన్యం మీద ఒక్క నిమిషం లేదు తండ్రీ! తూర్పు ముఖం లాటుకు ఎందుకు గిరాకీ, స్టవ్ ఆగ్నేయంలో లేకపోతే ఎంత తగ్గించాలి, వీధిపోటు అంటే ఏమిటి. పరీక్షలో ఇవేవీ రాలేదు. నా క్లయింట్ల పరీక్షలో ఇవి తప్ప ఇంకేవీ రావు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి, గరాజ్‌లో నిలబడి, విజయవాడలోని సిద్ధాంతిగారికి వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించిన రోజున అనిపించింది, అసలు లైసెన్సు ఆయనదని.

స్పాన్సర్ బ్రోకరు సంగతి మరిచిపోయాను. పరీక్ష పాసైనా బ్రోకరు దొరికేదాకా మీరు "ఇనాక్టివ్"గానే ఉంటారు. అదొక పెళ్లి సంబంధం. చదువు అయ్యాక ఊరికే ఇంట్లో ఉండనివ్వరు, ఎవరో ఒకరి పేరు తగిలించుకోవాల్సిందే. ఒకరు శిక్షణ ఇస్తాం, కమిషన్‌లో వాటా ఇవ్వమంటారు. ఇంకొకరు వాటా వద్దు, డీలుకింతని కట్టి నీ తిప్పలు నువ్వు పడమంటారు. తొలి రెండు మూడు ఇళ్లు అమ్మేదాకా మొదటి రకమే మేలు. వాటా పోతే పోయింది, రాత్రి పదకొండింటికి ఆప్షన్ పీరియడ్, అంటే కొనేవాళ్లు వెనక్కి తగ్గగలిగే గడువు, ఎప్పుడు ముగుస్తుందని టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉంటారు.

మా నాన్నగారికి ఇదంతా చెబితే నమ్మలేదు. తెనాలిలో మా బాబాయి ఎన్నో ఏళ్లుగా పొలాలు, ఇళ్లు కుదురుస్తున్నాడు. రెరా అనే రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 2016లో వచ్చి, రిజిస్టరైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు చేసే ఏజెంట్లు నమోదు కావాలని 9వ సెక్షనులో పెట్టింది. బాబాయి ప్రాజెక్టుల జోలికి పోడు, పాత ఇళ్లే చూస్తాడు కనుక ఆ సెక్షను కూడా ఆయన జోలికి రాలేదు. టీ కొట్టు దగ్గర రెండు వైపుల వాళ్లనూ కూర్చోబెట్టి, ఇద్దరి దగ్గరా తీసుకుని, ఇద్దరికీ దండం పెట్టి వస్తాడు. తమరి ఇంటర్మీడియరీ చాప్టరు ఆయనకు చదివి వినిపిస్తే, "దీనికి పరీక్షెందుకే?" అన్నాడు.

మొదటి రెన్యూవల్‌లోపు ఇంకో 98 గంటలు చదవాలని మీరు పంపిన మెయిల్ అందింది. నాలుగేళ్ల అనుభవం, చేసిన డీళ్లకు లెక్కగట్టే పాయింట్లు 3,600, 270 గంటల చదువు అయ్యాక నేనే బ్రోకరు కావచ్చని, అందులో అడిగే మరో 630 గంటల బదులు నా బీటెక్ పట్టా చెల్లుతుందని కూడా తెలిసింది. చాలా సంతోషం. ఆ పట్టాను అమెరికాలో మొదటిసారి ఎవరో లెక్కలోకి తీసుకోబోతున్నారు. అప్పటికి నా ఈఏడీ గడువు ఉంటుందో లేదో అన్నది మీ సిలబస్‌లో లేని సంగతి.

ఈ 98 గంటల్లోనైనా ఐప్యాడ్‌లో "లేరు" అని నొక్కినవాళ్లను దారికి తెచ్చే ఉపాయం ఎక్కడైనా ఉంటే, ఆ పేజీ దగ్గర మాత్రం గడియారం కాసేపు ఎక్కువే తిప్పండి.

ఇట్లు,
తమ విధేయురాలు.

తా.క.: ఏజెంటు ఇచ్చే ఏ ప్రకటనలోనైనా బ్రోకరు పేరు, ఏజెంటు ఫోన్ నంబరు అక్షరాల్లో సగం సైజుకు తగ్గకూడదని మీ రూలు. ఈ ఉత్తరం ప్రకటన కిందికి వస్తుందో రాదో మా బ్రోకరు తేల్చలేదు. అందుకని ఫోన్ నంబరు రాయడం లేదు. కావాల్సినవాళ్లకు గ్రూపులో ఉంది.