మేడ మీద ఒక్క డబ్బాతో ఊరంతా వైఫై? ఆ వాట్సాప్ సందేశానికి ఖండన

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు తెలుగు గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతూ తిరుగుతోంది. సారాంశం ఇది: "ఒక వాట్ ఔట్‌డోర్ వైఫై డబ్బా కొనండి. 12 డీబీఐ యాంటెన్నా తగిలించి మేడ మీద నిలబెట్టండి. రెండు కిలోమీటర్ల దాకా ఊరంతా సిగ్నల్. పవర్ ఫుల్ పెట్టండి, లైసెన్స్ అక్కర్లేదు. చానెల్ ఆటో, నెట్‌వర్క్ పేరు దాచెయ్యండి. కేబుల్ ఏదైనా పర్లేదు. ప్లాస్టిక్ డబ్బా గనక ఎర్త్ అక్కర్లేదు, వానకీ ఏమీ కాదు. ఇంటి కనెక్షన్‌నే పక్కవాళ్లకి అమ్మి నెలనెలా సంపాదించుకోండి."

ఇందులో డబ్బా కొనమన్న మాట తప్ప మిగిలినదంతా తేడాయే. వరసగా చూద్దాం.

"రెండు కిలోమీటర్లు వస్తుంది"

డబ్బా అరుపు రెండు కిలోమీటర్లు వినపడొచ్చు. ఫోన్ ఇచ్చే జవాబు డబ్బాకి వినపడాలి కదా? వైఫై రెండు వైపుల సంభాషణ. పంపిన ప్రతి ముక్కకీ "అందింది" అని ఫోన్ బదులు చెప్పాలి. సిగ్నల్ బలాన్ని డీబీ లెక్కలో కొలుస్తారు, 3 తగ్గితే బలం సగం, 10 తగ్గితే పదోవంతు. ఒక వాట్ అంటే 30 డీబీఎం. జేబులో ఫోన్ పంపేది సుమారు 15 డీబీఎం, అంటే 30 మిల్లీవాట్ల చిల్లర. దాని లోపలి యాంటెన్నా ఇంకో 3 డీబీ మింగేస్తుంది.

లెక్క వేసి చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర అడ్డు ఏదీ లేని ఖాళీ జాగాలో 500 మీటర్లకి సుమారు 94 డీబీ నష్టం. మధ్యలో ఒక ఇటుక గోడ, ఒక చింతచెట్టు ఉన్నాయనుకుని ఇంకో 15 తీసెయ్యండి. సందేశంలో చెప్పిన ఏర్పాటుతో ఫోన్‌కి అందేది మైనస్ 70 డీబీఎం. గీతలు బాగానే కనపడతాయి. అదే ఫోన్ జవాబు డబ్బాకి చేరేసరికి మైనస్ 85. మేడ మీద ఎత్తున ఉన్న యాంటెన్నా ఊళ్లోని ప్రతి రౌటర్ గోలనీ వింటూ ఉంటుంది కాబట్టి దాని చుట్టూ ఉన్న రొద కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. ఇక జవాబు ఆ రొదలో కలిసిపోతుంది. "సిగ్నల్ ఫుల్‌గా ఉంది, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంది" అనే ఫిర్యాదు పుట్టేది ఇక్కడే. దుకాణానికి వెళ్తే ఇంకా పవర్ ఉన్న డబ్బా అంటగడతారు. దాంతో అరుపు పెరుగుతుంది, వినికిడి పెరగదు. యాంటెన్నా గెయిన్ (సిగ్నల్‌ని ఒక దిక్కుకి కూడగట్టే బలం, డీబీఐలో చెప్పేది ఇదే) పెంచితే రెండు వైపులా లాభం, పవర్ పెంచితే ఒక్క వైపే. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

అడ్డే లేని పొలం గట్టు మీద కిలోమీటరు అవతల ఫోన్ అతుక్కోవచ్చు, కాదనం. కానీ దూరం పెరిగితే "అందింది" అనే జవాబు రావడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. దూరపు లింకు పరికరాల్లో దానికోసం దూరం సెట్టింగ్ ఉంటుంది. ఫోన్లలో అది లేదు.

చెట్ల సంగతీ చూసుకోవాలి. దట్టమైన ఆకుల్లో 10 మీటర్లు దూరితే 2.4లో దాదాపు 6 డీబీ, 5.8లో 7 డీబీ పైన పోతుంది. తడి ఆకైతే ఇంకా ఎక్కువ. గంజాం జీడితోటలు, గజపతి పనసచెట్లు ఎండలో ఒక లెక్క, శ్రావణంలో ఒక లెక్క. అందుకే మే నెలలో పెట్టిన నెట్‌వర్క్ ఆగస్టులో మొరాయిస్తుంది. అందరూ తిట్టేది వానని. నిజానికి ఈ ఫ్రీక్వెన్సీల్లో జోరు వాన కూడా కిలోమీటరుకి 1 డీబీలో చిన్న భాగమే తింటుంది. తినేది తడిసిన చెట్టు, కనెక్టర్‌లో దూరిన నీరు.

"12 డీబీఐ అయితే ఇంకా మంచిది"

గెయిన్ ఊరికే రాదు. చుట్టూ అన్ని వైపులా పంపే ఓమ్ని యాంటెన్నాకి గెయిన్ పెరిగేకొద్దీ పైకీ కిందకీ పోయే సిగ్నల్‌ని నొక్కి పక్కలకి పంపుతారు. 12 డీబీఐ ఓమ్నికి నిలువు వెడల్పు 7 డిగ్రీలు ఉంటే ఎక్కువ. 12 మీటర్ల ఎత్తున పెడితే దాని అసలు పుంజం మనిషి ఎత్తుకి దిగేది సుమారు 170 మీటర్ల అవతల. ఈలోపు ఉన్న ఇళ్లకి అందేది పక్క చీలికల్లోంచి కారేదే. దీపం కింద చీకటి అంటారే, అచ్చం అదే. డబ్బా పెట్టినాయన ఇంట్లోనే వైఫై రాదు. బరంపురం సాలెవీధుల్లో గోడకి గోడ ఆనుకుని ఉన్న పొడుగాటి ఇళ్లకి మేడ మీది ఓమ్ని పనికొచ్చే వస్తువే కాదు. ఇనప రేకు ఉన్న ఇల్లయితే పైనుంచి వచ్చేది పైకే తిరిగిపోతుంది.

సరైన పద్ధతి రెండు అంచెలు. ఊరి ఈ చివర మేడ నుంచి ఆ చివరకి 5 గిగాహెర్ట్జ్ డైరెక్షనల్ (ఒకే వైపుకి పంపే) పరికరాల జత ఒకటి పెట్టండి, 13 డీబీఐ చాలు. అది ఫోన్ల కోసం కాదు, కేబుల్ బదులు. కిలోమీటరు లింకుకి దారి మధ్యలో చూపు గీతకి చుట్టూ కనీసం 2.2 మీటర్లు ఖాళీ ఉండాలి. అవతలి మేడ కనపడితే చాలదు, మధ్యలో కొబ్బరి మట్ట ఊగినా లింకు ఊగుతుంది. ఇక ఫోన్ల కోసం వీధికొక చిన్న యాక్సెస్ పాయింట్ (ఫోన్లు అతుక్కునే వైఫై డబ్బా), 4–5 మీటర్ల ఎత్తున, వీధి పొడుగునా చూసేలా. ఒక్కోదాని పని 80–100 మీటర్లు. జనం సంఖ్య కూడా లెక్కలోకి వస్తుంది. ఒక రేడియో మీద 25–30 మంది ఒకేసారి వీడియో చూస్తే నడక మందగిస్తుంది. ఠాకురాణి యాత్ర రోజుల్లో బరంపురం వీధి కిక్కిరిసినప్పుడు మనుషుల ఒళ్లే సిగ్నల్‌ని పీల్చేస్తాయి. అప్పుడు ఒక పెద్ద డబ్బా కన్నా నాలుగు చిన్నవి నయం.

"పవర్ ఫుల్ పెట్టండి, లైసెన్స్ అక్కర్లేదు"

రెండూ ఒకే వాక్యంలో ఇమడవు. 2.4 గిగాహెర్ట్జ్‌లో లైసెన్స్ లేకుండా వాడుకునే వీలు ఇచ్చిన 2005 నియమం పరికరానికి ఒక వాట్, యాంటెన్నాతో కలిపి 4 వాట్లు, అంటే 36 డీబీఎం హద్దు పెట్టింది. 30కి 12 కలిపితే 42, దాదాపు 16 వాట్లు. అంటే సందేశంలో చెప్పిన ఏర్పాటే హద్దుకి నాలుగింతలు. 12 డీబీఐ యాంటెన్నా పెడితే పవర్ 24 డీబీఎంకి దించాలి. దించితే నష్టమేమీ లేదు, ఫోన్ ఎలాగూ అంతకన్నా తక్కువే అరుస్తుంది. సెట్టింగుల్లో దేశం ఇండియా అనే ఉంచండి. "అమెరికా పెడితే పవర్ పెరుగుతుంది" అనే చిట్కా మన హద్దుల్ని దాటించే దారి తప్ప మరొకటి కాదు. 5 గిగాహెర్ట్జ్‌ని ఆరుబయట లైసెన్స్ లేకుండా వాడుకునే వీలు 2018 అక్టోబరులో బాగా విస్తరించింది కాబట్టి లింకుకి ఆ బ్యాండే వాడండి.

"కేబుల్ ఏదైనా పర్లేదు"

ఔట్‌డోర్ వైఫై చచ్చేది ఎక్కువగా కేబుల్ దగ్గరే. డబ్బాకి కరెంటు కూడా నెట్ కేబుల్లోంచే వెళ్తుంది, పీఓఈ అంటారు. దుకాణంలో చవగ్గా ఇచ్చేది చాలాసార్లు సీసీఏ, అంటే పైన రాగిపూత, లోపల అల్యూమినియం. తీగ కొసని బ్లేడుతో గీకండి, తెల్లగా మెరిస్తే అదే. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్ల పైమాటే. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది కూడా.

ఇంకో అలవాటు ఉంది. ఇంజెక్టర్ (నెట్ కేబుల్లోకి కరెంటు ఎక్కించే పెట్టె) పాడైందని ఇంట్లో ఉన్న 12 వోల్టుల అడాప్టర్‌నే స్ప్లిటర్‌తో కేబుల్‌కి ఎక్కిస్తారు. 60 మీటర్ల మంచి రాగి కేబుల్లో, రెండేసి తీగలు కలిపి పంపినా, రానూపోనూ నిరోధం 5 ఓమ్‌లు. 12 వోల్టులతో ఆ దారిన అవతలికి చేరగలిగే గరిష్ఠ శక్తి 7.2 వాట్లు. డబ్బాకి 8 వాట్లు కావాలంటే ఏం చేసినా రావు. ఊరికే ఉన్నప్పుడు లైటు వెలుగుతుంది, ఫోన్లు కలిసి ట్రాఫిక్ పెరిగిన క్షణాన రీస్టార్ట్ అవుతుంది. "సాయంత్రం పూట మాత్రమే కట్ అవుతోంది" అంటే ముందు ఇది చూడండి. అదే కేబుల్లో 24 వోల్టులు పంపితే 1.8 వోల్టులు మాత్రమే తగ్గి పని నడుస్తుంది. 24 వోల్టుల పాసివ్ (ఎంత కావాలో అడగకుండానే కరెంటు పంపే రకం) పరికరానికి 48 వోల్టుల పాసివ్ ఇంజెక్టర్ తగిలిస్తే మాత్రం అది కాలిపోతుంది. వెనక స్టిక్కర్ చదవకుండా తగిలించొద్దు.

కొనాల్సింది: పూర్తి రాగి క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6, నల్ల పాలిథీన్ తొడుగుతో ఔట్‌డోర్ రకం, షీల్డ్ ఉన్నది, మెటల్ ఆర్‌జే 45 కనెక్టర్లతో. ఇంట్లో వేసే బూడిదరంగు కేబుల్ తొడుగు ఎండకి రెండు మూడు వేసవుల్లో పగుళ్లు తేలుతుంది. మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు. మధ్యలో అతుకు వద్దు.

"వానకి ఏమీ కాదు, ఎర్త్ అక్కర్లేదు"

ఐపీ 67 (దుమ్ము, నీరు దూరవని చెప్పే గుర్తు) అని రాసి ఉండటం మూత సరిగ్గా మూసినప్పటి మాట. కేబుల్ గ్లాండ్ (కేబుల్ దూరే చోట ఉండే రబ్బరు బిగింపు) బిగించకపోయినా, కనెక్టర్ తల గ్లాండ్‌లో పట్టలేదని రబ్బరు కోసేసినా ఆ అంకెకి అర్థం లేదు. కేబుల్ ఎప్పుడూ కింద నుంచే డబ్బాలోకి ఎక్కాలి. ఎక్కే ముందు ఒక వంపు కిందకి వేలాడాలి, నీరు అక్కడ రాలిపోతుంది. వంపు లేకపోతే నీరు తొడుగు మీదుగా జారి గ్లాండ్‌లోకి వస్తుంది. తొడుగు ఎక్కడైనా చిట్లితే తీగల సందులోంచి దిగి కింద ఇంట్లో ఉన్న ఇంజెక్టర్‌లో కారుతుంది. పిన్నుల మీద పచ్చటి పొడి కనపడితే నీరు అక్కడిదాకా వచ్చినట్టే. గోపాల్‌పూర్ వైపు సముద్రపు గాలికి మామూలు జీఐ (జింకు పూత ఇనుము) క్లాంపులు త్వరగా తుప్పు పడతాయి, 316 రకం స్టెయిన్‌లెస్ తీసుకోండి. పోల్ పొడుగైతే మూడు వైపులా 120 డిగ్రీల ఎడంలో తీగ కట్లు వెయ్యండి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ దాటిన దారి ఇది. గాలి ఇక్కడ ఉత్త అనుమానం కాదు.

ప్లాస్టిక్ డబ్బాకి ఎర్త్ ఎందుకంటారు. డబ్బా ప్లాస్టిక్, కేబుల్ రాగి. దగ్గర్లో పిడుగు పడితే ఆ పొడవాటి తీగలో పుట్టే సర్జ్ (ఒక్కసారిగా ఎగసే కరెంటు) నేరుగా రౌటర్‌కీ, దానికి కలిపిన టీవీకీ పోతుంది. ఒడిశాలో పిడుగులు ఎంత మామూలంటే, 2015లోనే రాష్ట్ర ప్రభుత్వం వాటిని విపత్తుల జాబితాలో చేర్చింది. చెయ్యాల్సింది ఇది: కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట పీఓఈకి పనికొచ్చే ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్, పోల్ నుంచీ ప్రొటెక్టర్ నుంచీ 6 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ రాగి వైరు, వీలైనంత నిటారుగా, మెలికలు లేకుండా ఎర్త్ రాడ్‌కి. ఆ రాడ్‌ని ఇంటి కరెంటు ఎర్త్‌తో కలపాలి. విడిగా వదిలేస్తే రెండు ఎర్త్‌ల మధ్య తేడాయే పరికరాలని కాలుస్తుంది. కొరాపుట్, రాయగడ రాతినేలలో ఒక రాడ్‌తో పని కాదు, రెండు మూడు కలపాల్సి వస్తుంది. తిన్నగా మీద పడ్డ పిడుగుని ఇవేవీ ఆపలేవు. రెండు భవనాల మధ్య అయితే రాగి లాగకుండా ఫైబర్ వెయ్యండి, ఆ గొడవే ఉండదు.

"చానెల్ ఆటో, పేరు దాచెయ్యండి"

చాలా డబ్బాల్లో ఆటో అంటే స్టార్ట్ అయినప్పుడు ఒకసారి చూసుకోవడమే. కరెంటు పోయి వచ్చిన క్షణంలో వీధిలో అన్ని రౌటర్లూ కలిసి లేస్తాయి. ఎవరికీ ఎవరూ కనపడరు, అందరూ ఒకే చానెల్లో కూర్చుంటారు. 2.4లో 1, 6, 11లో ఏది ఖాళీగా ఉందో ఫోన్ యాప్‌తో చూసి చేత్తో పెట్టండి. చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్. లింకుకి 149–161 మధ్య, వెడల్పు 40. 80 పెడితే 20తో పోలిస్తే రొద 6 డీబీ పెరుగుతుంది. 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ పాత వేగాలు ఆపేస్తే దూరపు బలహీన ఫోన్ ఒకటి అందరి సమయం తినెయ్యదు.

పేరు దాచడం భద్రత కాదు. పైగా పేరు దాచిన నెట్‌వర్క్‌ని ఒకసారి గుర్తుపెట్టుకున్న ఫోన్ దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన చోటల్లా ఆ పేరు అరుస్తుంది. తాళం రకం డబ్ల్యూపీఏ 2 ఏఈఎస్ లేదా డబ్ల్యూపీఏ 3, పొడుగాటి పాస్‌వర్డ్, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పు, చాలు. మ్యాక్ అడ్రస్ ఫిల్టర్ (ఫోన్ గుర్తింపు నంబరు చూసి లోపలికి వదిలేది) కూడా దండగే. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు మారు అడ్రస్ చూపిస్తున్నాయి.

పోల్ ఎక్కించే ముందే బల్ల మీద సెట్టింగ్ పూర్తి చెయ్యండి. ఇంటి రౌటర్ 192.168.1.1 అయితే డబ్బాకి 192.168.1.2 ఇచ్చి, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, డీహెచ్‌సీపీ (ఫోన్లకి అడ్రస్‌లు పంచే పని) ఆపండి. ఇది మరిస్తే రెండూ అడ్రస్‌లు పంచుతాయి, సగం ఫోన్లకి నెట్ ఉంటుంది, సగానికి ఉండదు.

"పక్కవాళ్లకి అమ్ముకోండి"

ఇంటి కనెక్షన్ తిరిగి అమ్మడానికి ఇచ్చింది కాదు. మీ లైన్ మీద ఎవరేం చేసినా అడిగేది మిమ్మల్నే. 2008 అహ్మదాబాద్ పేలుళ్లప్పుడు బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది నవీ ముంబైలో తాళం లేని ఒకరి వైఫై మీదుగానే. నిజంగా అమ్మాలనుకుంటే దారి ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పబ్లిక్ వైఫై పథకం పీఎం వాణి కింద చిన్న కొట్టు కూడా పబ్లిక్ డేటా ఆఫీస్‌గా వైఫై అమ్మొచ్చు. దానికి లైసెన్స్, ఫీజు, రిజిస్ట్రేషన్ ఏవీ అక్కర్లేదు. టెలికాం శాఖ దగ్గర నమోదైన అగ్రిగేటర్‌తో చేరితే లాగిన్, లెక్కలు వాళ్లు చూస్తారు. ఈ ఆఫీసులకిచ్చే 200 ఎంబీపీఎస్ లోపు ఫైబర్ ప్లాన్ ధర అదే వేగపు ఇంటి ప్లాన్ ధరకి రెండింతలు మించకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో హద్దు కూడా పెట్టింది. కనెక్షన్ అడిగేటప్పుడు ఆ మాట ఎత్తండి.