టర్బో లేని బండికి బూస్టు మీటరు

అంబాసిడర్ డ్యాష్‌బోర్డులో బూస్టు మీటరు బిగించుకున్నవాళ్లకు ప్రభుత్వం ఏటా ఉగాదికి శాలువా కప్పి సత్కరించాలని నా చిరకాల వాంఛ. టర్బో అంటే ఇంజనులోకి గాలిని ఒత్తి నెట్టే పరికరం; అది ఉన్న ఇంజనులోకి గాలి ఎంత ఒత్తిడితో పోతోందో చూపించడం ఆ మీటరు పని. మా బావ బండికి టర్బో లేదు. "మూడు మీటర్ల సెట్టులో ఇదీ వచ్చిందిరా" అన్నాడు. వచ్చింది కాబట్టి బిగించాడు. బిగించాడు కాబట్టి అది నీలంగా వెలుగుతోంది. నీలంగా వెలుగుతోంది కాబట్టి బండి మునుపటికంటే దూసుకుపోతోందని ఊరంతా చెబుతున్నాడు.

బండి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైన, మన తాతల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అవతారం. దాంట్లోంచి పాత 1489 సీసీ ఇంజను పీకేసి, ఇంజెక్షన్ పెట్రోలు ఇంజను దింపాడు. ఇంజనుకి లక్షలు పోశాడు. సీట్లకి తోలు, చక్రాలకి అల్లాయి. ఇక మీటర్లు, వైరింగ్ దగ్గరికొచ్చేసరికి బడ్జెట్‌లో మిగిలినవి ఒక నల్లటేపు చుట్ట, ఒక ఎర్ర వైరు కట్ట.

మన దగ్గర మీటర్లు ఎంచుకునే శాస్త్రం ఒకటుంది. మొదట చీకట్లో ఏ రంగులో వెలుగుతుందో చూడాలి. తర్వాత ఇన్‌స్టాలో ఎలా పడుతుందో చూడాలి. అది ఏ సెన్సారుతో మాట్లాడుతుందని అడిగినవాణ్ణి షాపులోంచి బయటికి పంపాలి. ట్యాంకులో తేలుతూ పెట్రోలు ఎంతుందో మీటరుకి చెప్పే ఫ్లోట్లలో ఒక రకం, ట్యాంకు ఖాళీగా ఉంటే 240 ఓంల నిరోధం చూపించి, నిండితే 33కి దిగుతుంది. ఇంకో రకం ఖాళీకి 10, నిండుకి 180. అంటే ఒకటి ఉత్తరానికి పోతే ఇంకోటి దక్షిణానికి. బావ ట్యాంకులో ఉన్నది మొదటి రకం, డ్యాష్‌బోర్డులో వెలుగుతున్నది రెండో రకానికి పుట్టిన మీటరు. ఫుల్ ట్యాంకు కొట్టించగానే ముల్లు అడుగంటుతుంది. బండి నడిచేకొద్దీ పైకి లేస్తుంది. ముల్లు ఆకాశాన్నంటిన చోట బండి ఆగిపోతుంది. ప్రపంచంలో నడిచేకొద్దీ పెట్రోలు ఊరే బండి మా అక్కయ్య గారింట్లోనే ఉంది.

దీనికి తోడు ఎర్తు, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి పోవడానికి బండి ఇనుముకి కలిపే వైరు. డ్యాష్‌బోర్డు మొత్తానికీ ఒకే ఒక్క ఎర్తు వైరు, అదీ పెయింటు గీకకుండా ఒక స్క్రూ కింద నొక్కేశారు. పెయింటు మీదినుంచి కరెంటు పోదు కదా బాబూ అంటే, "పోతుందన్నా, స్క్రూ ఉంది కదా" అన్నాడు ఎలక్ట్రీషియన్. పోతోంది నిజమే, కానీ తనకు తోచిన దారిన పోతోంది. బెంజి సర్కిల్ దగ్గర ఇండికేటరు వేస్తే టెంపరేచరు ముల్లు దానితో తాళం వేస్తుంది. బ్రేకు నొక్కితే ఇంజను మరుగుతుంది, వదిలితే చల్లారుతుంది. హెడ్‌లైట్లు వేస్తే ఆయిలు ప్రెషరుకి ప్రాణం మీదికొస్తుంది. బావ దీన్ని లోపంగా చూడడు. మా అక్క చేత పాలలెక్కల పుస్తకం వెనక పట్టిక రాయించాడు: లైట్లు ఆర్పి, కాలు బ్రేకు మీదినుంచి తీసి, ఇండికేటరు మధ్యలో పెట్టి చూసిందే అసలు టెంపరేచరు. అనుమానమొస్తే బండి పక్కకి ఆపి అక్క పుస్తకం తీస్తుంది, అత్తయ్య వెనక సీట్లో విష్ణు సహస్రనామం మొదలెడుతుంది, బావ మీట నొక్కుతూ అంకెలు చదువుతాడు. "తొంభై." "లైట్లు ఆర్పారా?" "ఆర్పాను." "కాలు?" "తీశాను." "అయితే తొంభయ్యే." ముగ్గురూ ఊపిరి పీల్చుకుంటారు. బూస్టు మీటరు మాత్రం ఎవరినీ పట్టించుకోకుండా నీలంగా వెలుగుతుంటుంది.

ఆమ్‌మీటరు కథ చిన్నది. కరెంటు ఎంత పోతోందో చూపించే మీటరది. పాత రోజుల్లో బండి కరెంటంతా దాని కడుపులోంచే పోయేది. అప్పటి లూకాస్ సి40 డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు కాబట్టి తట్టుకునేది. ఇప్పుడు 65 ఆంపియర్ల ఆల్టర్నేటరు పెట్టి, పాత అందం పోకూడదని అదే మీటరులోంచి అంతా పంపితే మీటరు వెనక వేడి పుడుతుంది. దాని బదులు, కరెంటంతా తనలోంచి పోనక్కర్లేని ఓల్టుమీటరు పెట్టుకోవచ్చు. కానీ అది ఆ సెట్టులో లేదు.

వైర్ల రంగుల మీద తెల్లవాడు ఎంత సమయం వృథా చేశాడో తలుచుకుంటే జాలేస్తుంది. బ్రౌన్ అంటే నేరుగా బ్యాటరీ, తెలుపు ఇగ్నిషను (తాళం తిప్పితే వచ్చే కరెంటు), ఆకుపచ్చ అంటే ఇగ్నిషనే కానీ ఫ్యూజు దాటొచ్చింది, నలుపు ఎర్తు. మన ఎలక్ట్రీషియన్ ఈ భేదభావాలన్నీ రద్దు చేశాడు. అన్నీ ఎరుపే. జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టాడు. ఎండాకాలం వచ్చాక ఆ టేపు జిగురు కారి, జాయింటు బట్టలిప్పుకుని నిలబడింది.

ఇంతవరకూ నవ్వుకోండి. పెట్రోలు పంపు దగ్గరికొద్దాం.

ఇంజెక్షన్ ఇంజనుకి ట్యాంకులోని పంపు దాదాపు మూడు బార్ల ఒత్తిడితో పెట్రోలు నెడుతుంది. అందుకే దాని రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, ఇంజను కంప్యూటరు చేతిలో ఉంటుంది. ఇంజను ఆగిందంటే పంపుకీ కరెంటు ఆపేస్తుంది. బండి దేన్నో గుద్దుకుని ఇంజను ఆగిపోయినా, పైపు తెగినా, పెట్రోలు చిమ్మకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. బావ బండిలో రిలే లేదు. ఎలక్ట్రీషియన్ పంపు వైరు తెచ్చి తాళానికి కట్టేశాడు. తాళం తిరిగి ఉన్నంతసేపూ, ఇంజను బతికున్నా చచ్చినా, పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో రాగి పోగు చుట్టాడు. ఫ్యూజు ఎందుకు పోతోందని అడిగే బుద్ధి లేదా? వెనక సీటు వెనకే ట్యాంకు, ఆ సీట్లో మా అక్క పిల్లలు! రెండు మూడొందల రిలే, పది రూపాయల ఫ్యూజు మిగిల్చి ఎవరిని కాల్చుదామని? నీలంగా వెలగడానికి వేలు పోసినవాడికి పిల్లలు కాలకుండా ఉండడానికి చిల్లర దొరకలేదా? దీన్ని పనితనం అనుకునే మేస్త్రికి సిగ్గు లేకపోతే పోనీ, డబ్బులిచ్చి చేయించుకున్నవాడికి ఏమైంది?

ఇంజను మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద అనుమతి కావాలి, ఆర్‌సీలో రాయించాలి. బావ అదంతా పద్ధతిగానే చేయించాడు. ఆర్టీవో ఆఫీసువాళ్లు ఇంజను నంబరు చూశారు, అద్దంలా మెరుస్తున్న బోనెట్‌ని మెచ్చుకున్నారు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టినవాళ్లు లేరు.

పోయిన వారం రిలే పెట్టిద్దామని కొత్త ఎలక్ట్రీషియన్ని నేనే తీసుకెళ్లాను. అతను కిందికి వంగి, టార్చి వేసి, లేచి, "డయాగ్రమ్ ఉందా సార్?" అన్నాడు. పాతాయన గీయలేదు. "డయాగ్రమ్ దేనికన్నా, అంతా నా బుర్రలో ఉంది" అన్నాడట. ఆ బుర్ర ఇప్పుడు కువైట్‌లో ఉంది. బావ వీడియో కాల్ చేస్తే డ్యూటీలో ఉన్నాడు, ఎత్తలేదు. శుక్రవారం సెలవట. కొత్తాయన బ్యాటరీ వైరు పీకి బావ చేతిలో పెట్టాడు. బావకి ఒకటే దిగులు, శుక్రవారం దాకా బూస్టు మీటరు వెలగదు.